గుర్రాల సందులో మా నాయన

ఆ రోజుల్లో తిరుపతిలో ఎవరినైనా దారి అడిగితే కుడి, ఎడమ అని చెప్పేవారు కాదు. "బండ్ల వీధి దాటుకో, కర్నాల వీధి కాడ తిరుక్కో, నాలుగు కాళ్ల మండపం అవుపడిందంటే ఎక్కువ పోయినట్టు, ఎనక్కి వచ్చెయ్" అనేవారు. అడిగినవాళ్లకు అది చాలేది. బండ్ల వీధిలో బండ్లేవి, నాలుగు కాళ్ల మండపాలు ఇంకెన్ని లేవు, ఈ ఒక్కదానికే ఆ పేరెందుకు వచ్చింది అని ఆరా తీసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఊరికి వచ్చినవాళ్ల కళ్లు కొండమీద, ఊళ్లో ఉన్నవాళ్ల కళ్లు వచ్చినవాళ్లమీద. మధ్యలో వీధుల గొడవ ఎవరికి కావాలి? నాకు మాత్రం డిగ్రీ రెండో ఏడాదిలో ఆ పిచ్చి పట్టింది. పట్టించినవారు మా శాసనాల మేడం.

ఆవిడ అసలు పేరు కాలేజీ ఆఫీసువాళ్లకు తెలిసి ఉండాలి. మాలో ఎవరైనా ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. గుంటూరు వైపు నుంచి మా ఆడపిల్లల కాలేజీకి చరిత్ర చెప్పడానికి వచ్చారు. పొట్టిగా, సన్నగా, గంజి పెట్టిన నేత చీరలో, ఎప్పుడూ రైలు అందుకోవడానికి పోతున్నట్టు నడిచేవారు. దారిలో రాయి కనపడితే మాత్రం టక్కున ఆగిపోయేవారు. ఏ రాతిమీదైనా పాత అక్షరాలు ఉండవచ్చునని ఆవిడ నమ్మకం. ఒకసారి ఒక పెరట్లో ఒకామె దుప్పట్లు ఉతుకుతూ ఉంటే, "అమ్మా, ఆ దుప్పటి కొంచెం పక్కకు తీస్తారా అండీ, బండమీద ఏదో లిపి ఉన్నట్టుంది" అన్నారు. ఆమె దుప్పటి తీసి, బండ చూసి, మేడంను చూసి, "లిపి కాదమ్మా, మాయత్త కత్తులు నూరిన గాట్లు" అంది. ఇంకొకరైతే సిగ్గుపడి వెనక్కి వచ్చేస్తారు. మేడం ఆ గాట్లమీద వేలు పెట్టి చూసి, "మీ అత్తగారి చెయ్యి ఎంత గట్టిదండీ!" అన్నారు. ఆమెకు ఎంత సంతోషమైందంటే, మా అందరికీ మజ్జిగ ఇచ్చి, అత్తగారి గురించి మంచీ చెడ్డా (చెడ్డే ఎక్కువ) చెప్పి గాని పంపలేదు.

"పాఠాల పుస్తకంలో రాజులుంటారు. మిగతావాళ్లంతా వీధుల పేర్లలో ఉంటారు. పోయి పలకరించి వద్దాం రండి" అని ఆవిడ ఆదివారం పూట మమ్మల్ని పాత ఊళ్లో నడిపించేవారు. ఒక్కో వీధికి మూడేసి కథలు దొరికేవి. బేరి వీధికి ఆ పేరు బేరిశెట్ల వల్ల వచ్చిందని ఒకరు, బేరాలాడేవాళ్ల వల్ల వచ్చిందని ఇంకొకరు, ఒకప్పుడు అక్కడ బేరిపండ్ల చెట్టు ఉండేదని మరొకరు చెప్పారు (తిరుపతి ఎండలో బేరిపండు కాయగా చూసినవాళ్లు మాత్రం దొరకలేదు). రోజూ రేణిగుంట నుంచి రైల్లో వచ్చే నా స్నేహితురాలు ఒకతె ఉండేది. ఊరి పేరే ఆమె పేరైపోయింది. ఆ రేణిగుంట ఒకరోజు లేచి, "కొండెక్కి దిగినోళ్లు అలిసిపోయి ఊపిరి పీల్చుకునే చోటు గదా మేడమ్, అలుపు, ఊపిరి రొండూ కలిసి అలిపిరి అయిపొయింది" అంది. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "తప్పయినా ఎంత మంచి తప్పు! ఈ అమ్మాయి కొండ ఎక్కి దిగిన మనిషి గురించి ఆలోచించింది" అన్నారు. మనం చెప్పింది తప్పని తేల్చి కూడా మనం తల ఎత్తుకునేలా చెయ్యగలిగిన మనిషిని నేను ఆవిడ తరవాత మళ్లీ చూడలేదు.

ఇక మా ఇల్లు ఉన్నది గుర్రాల సందులో. ఆ పేరు ఎందుకు వచ్చిందో మాకు పుట్టుకతోనే తెలుసు. మా నాయన చెప్పినాడు. ఆయనకు వాళ్ల నాయన చెప్పినాడు. మా ముత్తాత దగ్గర గుర్రాలుండేవట, ఆయన తెల్లవారుజామున సవారీకి బయల్దేరితే చంద్రగిరి కోట కాడ దుమ్ము లేచేదట, దొరలు సైతం టోపీ తీసి దారి ఇచ్చేవారట. నాయనకు ఆ సందులోనే ఇత్తడి సామాన్ల అంగడి. బోర్డుమీద బిందె బొమ్మ ఉండాల్సిన చోట, ముందుకాళ్లు పైకెత్తిన గుర్రం బొమ్మ వేయించినాడు. బిందె కొనడానికి వచ్చినవాళ్లు గుర్రం కథ వినకుండా పోలేరు. ఎదురుగా పిండిమిల్లు. మిల్లు నడిపే ఆయన్ను నేను మామా అనేదాన్ని, నాయన బావా అనేవాడు. పిండిమిల్లు మామ ఒప్పుకునేవాడు కాదు. "గుర్రాలు మా తాతవి. మీ తాత వాటికి గడ్డి ఏసినాడు, అంతే" అనేవాడు. మిల్లు ఆడుతున్నంతసేపూ ఒకరి మాట ఒకరికి వినపడదు గనక మా సందులో శాంతి ఉండేది. కరెంటు పోయిందంటే గుర్రాలు బయటికి వచ్చేవి.

నేను కాలేజీలో చేరడానికి కారణం కూడా ఆ గుర్రాలే. ఇంటర్ అయిపోగానే, "చచ్చినోళ్ల సంగతులు చదివి ఏం చేస్తావు మే? బతికుండే వాళ్ల సంగతులే తెలుసుకోలేక చస్తా ఉండాము" అన్నాడు నాయన. నేను ఏడ్చినా కరగలేదు. అన్నం మానేసినా కరగలేదు (అమ్మ వంటింట్లో దొంగతనంగా పెడుతున్నదని ఆయనకు తెలుసు). చివరికి, "మన గుర్రాల కత కూడా చరిత్రే కదా నాయనా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన మెత్తబడినాడు. "దాన్ని కూడా పుస్తకంలోకి ఎక్కిచ్చేటట్టుంటే చదువుకో" అన్నాడు. అందుకే, పాత ఊరి వీధుల పేర్లతో కాలేజీ ప్రదర్శనకు పెద్ద పటం గీయిద్దామని మేడం అన్నప్పుడు, నేనే ముందు లేచి మా సందుకు రమ్మని పిలిచాను.

ఆ ఆదివారం నాయన జరీపంచె కట్టినాడు. అంగడి ముందు నీళ్లు చల్లించి బెంచీలు వేయించినాడు. మేడం, వెనక మేమంతా, సందులోకి అడుగు పెట్టామో లేదో మిల్లు ఆపేసి మామ కూడా బయటికి వచ్చినాడు. ఒళ్లంతా పిండితో తెల్లగా, వాదనకు సిద్ధంగా ఉన్నాడు. నాయన చంద్రగిరి దుమ్ము దాకా చెప్పినాడు. మామ గడ్డి దగ్గర అడ్డుకున్నాడు. "మీ తాతకు గుర్రమెక్కేకి నిచ్చెన కావల్లంట బావా" అని నాయన, "మీ తాతను సూస్తే గుర్రమే పడుకునేదంట" అని మామ. సందు సందంతా అరుగులమీద చేరి వింటోంది. మేడం ఇద్దరికీ తల ఊపుతూ, మెల్లగా వెళ్లి మా అరుగుమీద చింతపండు గింజలు తీస్తున్న జేజి పక్కన కూర్చున్నారు. జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. ఆ ఇంటికి చిన్న పిల్లగా కోడలై వచ్చిన మనిషి.

"అవ్వగారూ, మీరు చూశారా అండీ ఆ గుర్రాలను?" అన్నారు మేడం.

"చూడకుండా ఎట్లుంటాను తల్లీ? రొండుండె. మొగగుర్రం ఒగటి, ఆడగుర్రం ఒగటి."

నాయన మొహం ఇత్తడి పళ్లెంలా వెలిగింది. "ఇన్నారా మేడమ్, రొండుండెనంట!" అని మామవైపు తిరిగి మీసం సవరించినాడు.

"వాటికి మేత ఏం వేసేవారండీ?"

జేజి నవ్వింది. "మేతేంది తల్లీ? రంగేసేది. ఏడాదికోసారి, జాతరకు ముందర."

మీసంమీద నాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. జేజికి అదేమీ పట్టలేదు, చింతపండు చేతులతోనే గాలిలో గుర్రం గీసి చూపించింది. చెక్క తల, వెదురు బద్దల ఒళ్లు, నడుమ మనిషి దూరేంత సందు, కాళ్లు కనపడకుండా చుట్టూ రంగు బట్ట. గంగమ్మ జాతరలో ఆడే కీలుగుర్రాలు. "మా మామ దాంట్లో దూరి నడుముకు కట్టుకోని, పలక డప్పులు మోగినాయంటే ఇంగ సూడల్ల! గుర్రమే ఎగరతా ఉందో, మనిసే ఎగరతా ఉండాడో తెలీదు. అది సూసే మా నాయన నన్ను ఈ ఇంటికిచ్చినాడు. గుర్రమెక్కేటోళ్లు యాడైనా ఉంటారు తల్లీ. మా మామ గుర్రాన్నే ఎత్తుకోని ఎగిరేటోడు."

ముందుగా నవ్వింది పిండిమిల్లు మామ. పొట్ట పట్టుకుని, పిండి రాలేటట్టు నవ్వినాడు. "చెక్క గుర్రమా బావా! చంద్రగిరి కాడ దుమ్ము లేపింది చెక్క గుర్రమా!"

"నువ్వేంటికబ్బా నవ్వేది?" అంది జేజి నెమ్మదిగా. "ఆడగుర్రంలో ఉండింది మీ తాతే. కోక కట్టుకోని, ముక్కుపుడక పెట్టుకోని, రాణి ఏసం. ఎంత అందంగా ఉండేటోడో!"

మామ నవ్వు సగంలో ఆగిపోయింది. రేణిగుంట నవ్వు ఆపుకోలేక నా వీపు వెనక దూరింది. నాయన మాత్రం జేజినే చూస్తున్నాడు. "ఏమ్మా, ఇంతకాలం నాకేంటికి చెప్పలే?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మీ నాయన ఆ చెక్కగుర్రాలకు పానం పోసి సంతోసపడతా ఉండె. ఆ మనిసి సంతోసాన్ని నేనేంటికి చెరపల్ల? ఆయప్ప పొయినాక నన్నెవురడిగినారు? అందురూ నువ్వు చెప్పేదే ఇంటా ఉండిరి."

నాయన మేడంకు దండం పెట్టి అంగడిలోకి వెళ్లిపోయినాడు. మేడం జేజికి దండం పెట్టి లేచారు. సందు చివర మలుపులో నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ మీ ఇంట్లో చాలా గొప్ప సంగతి దొరికింది. అది మీ నాన్నగారికి అందడానికి కొంచెం టైం పడుతుంది" అన్నారు. నాకు మాత్రం దొరికింది ఏమీ కనపడలేదు, పోయిందే కనపడింది. గుర్రం చెక్కదైతే పుస్తకంలోకి ఎక్కదు, ఎక్కకపోతే నా చదువూ అంతే. ఆ తరవాత కొన్నాళ్లు నాయన ఎవరితోనూ మాట్లాడలేదు. కొనడానికి వచ్చినవాళ్లకు ధర చెప్పి ఊరుకునేవాడు. కరెంటు పోయినా ఎదుటి నుంచి మామ గొంతు లేదు. అంత ప్రశాంతంగా మా సందు ఎప్పుడూ లేదు, అంత భయంగానూ లేదు.

ఒక పొద్దున పుస్తకాలు తీసుకుని బయల్దేరుతుంటే నాయన గడపలో నిలబడి, "ఈ పొద్దు కాలేజీ వొద్దు" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "చెప్పులేసుకో మే. గంగమ్మ గుడి కాడికి, తాతయ్యగుంట దాకా నడిసిపోయొస్తాము. గుర్రాలాడేటోళ్లు ఇంగా ఎవురన్నా ఉండారేమో సూడల్ల" అన్నాడు.

నాయనతో కలిసి ఊళ్లో నడవడం నాకదే మొదటిసారి. అంగడి, ఇల్లు, ఏడాదికోసారి కొండ తప్ప ఆయన ఎక్కడికీ నడిచి పోయిన మనిషి కాదు. ఎవరిని ఎలా అడగాలో తెలియక, ఆ ఆదివారం మేడం అడిగిన తీరే ఆయనకు గుర్తుకొచ్చినట్టుంది. ప్రతి మలుపులోనూ ఆగి, "ఏమండీ, ఈడ కీలుగుర్రాలు ఆడేవాళ్లు ఎవరన్నా ఉండారా అండీ?" అని అడగడం మొదలుపెట్టినాడు. మా సీమ గొంతులో ఆ అండీలు విని ఒక ముసలాయన, "యా ఊరప్పా మీది?" అన్నాడు. నాయన సిగ్గుపడి, "ఈ ఊరే" అన్నాడు. నేను పైట నోట్లో కుక్కుకున్నాను. కానీ గంట తిరగకముందే ఆయన గుర్రాల సంగతి అడిగి ఊరుకోవడం మానేసి, "ఇంతకూ మీ ఈదికి ఈ పేరెట్లొచ్చె?" అని కూడా అడగసాగినాడు. ఒక పూలంగడామె చెప్పిన కథ విని, "ఇది నీ మేడమ్‌కు తెలుసునా? చెప్పల్ల ఆయమ్మకు" అన్నాడు. నేను ఎండలో ఆయన వెనక నడుస్తూ, నడివయసులో ఒక మనిషి తన ఊరిని కొత్తగా చూడడం మొదటిసారి చూశాను.

తాతయ్యగుంట పక్కన జాతరలో గుర్రాలాడించే ఒక పెద్దాయన దొరికినాడు. మాది గుర్రాల సందు అనగానే ఆయన మంచంమీంచి లేచి నిలబడినాడు. "ఆ సందులో మొనగాడేనప్పా మా నాయనకు ఆట నేర్పింది! ఆయన ఎగిరితే గుర్రం గాలిలో నిలబడిపొయ్యేదని మా నాయన చెప్తానే సచ్చిపొయినాడు. నువ్వు ఆయన మనవడివా?" అని నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎన్నేళ్లుగానో దొరలచేత టోపీలు తీయించిన మా నాయనకు, తనకోసం ఒక మనిషి నిజంగా లేచి నిలబడడం అదే మొదటిసారేమో, ఆ చేతులు వదిలిపెట్టలేదు. అప్పుడు ఆయన అడిగింది నేను ఊహించనిది. "నాకు నేర్పిస్తావాప్పా?"

ఆ తరవాత మధ్యాహ్నం పూట అంగడి వెనక గోడౌన్‌లోంచి ధన్ ధన్‌మని శబ్దాలు రావడం మొదలైంది. "పిల్లి దూరినట్టుండాది" అనేది అమ్మ. పిల్లి దూరితే ఒక గిన్నె పడుతుంది, ఇక్కడ గంగాళాలే దొర్లుతున్నాయి. పెద్దాయన ఇచ్చిన గుర్రంలో నాయన పొట్ట పట్టక వెదురు బద్దలు విప్పి మళ్లీ కట్టించాల్సి వచ్చింది. ఎంత దాచినా ఎదురింటికి తెలియకుండా ఉంటుందా? ఒకరోజు పిండిమిల్లు మామ కిటికీలోంచి తొంగిచూసినాడు. ఇక ఈ సందులో మేము తలెత్తుకోలేమనుకున్నాను. మామ తలుపు తోసుకుని లోపలికి వచ్చి, కాసేపు నాయన అడుగులు చూసి, గొంతు సవరించుకుని, "రాణి లేకుండా రాజొగడే ఎగిరితే ఏం బాగుంటాది బావా?" అన్నాడు.

జాతర నాటి సాయంత్రం, ఇంకా ఎండ తగ్గకముందే, పలకల మోత సందు మొదట్లో వినపడింది. ముందు నాయన గుర్రం, వెనక మామ గుర్రం. మామ చీర కట్టుకున్నాడు, ముక్కుపుడక పెట్టుకున్నాడు, మీసం తీయడానికి మాత్రం ఒప్పుకోలేదు. తిరుపతిలో అంత దర్జాగా మీసమున్న రాణిని ఎవరూ చూసి ఉండరు. నాయన తలపాగా కళ్లమీదికి జారుతోంది, గుర్రం ఒకసారి మిల్లు గడపమీదికి, ఒకసారి మా అరుగుమీదికి పోతోంది. మొదట అందరూ నవ్వినారు. నేనూ నవ్వాను. అంతలో పలకల దరువు మారింది. నాయన కళ్లు మూసుకుని ఒక్క ఎగురు ఎగిరి గిర్రున తిరిగినాడు. బిందెలు తూచే ఆ బరువైన మనిషి నిజంగానే కనపడలేదు, గుర్రమే కనపడింది. నవ్వులు ఆగి ఈలలు మొదలైనాయి. జనం మధ్యలో శాసనాల మేడం గొడుగు కూడా తెరవకుండా, ఎండలో చప్పట్లు కొడుతున్నారు. నన్ను చూడగానే, "మీ నాన్నగారు ఎంత గొప్పవారే!" అన్నారు. ఆవిడ నన్ను ఏకవచనంలో పిలిచింది ఆ ఒక్కసారే.

ఆట అయిపోయాక నాయన గుర్రంలోంచి బయటపడలేక ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. చెమటలు కక్కుతూ వచ్చి జేజి ముందు నిలబడినాడు, పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడి మాదిరి. జేజి పైనుంచి కిందిదాకా చూసింది. "మా మామ మాదిరి లేదు" అంది. నాయన మొహం వాడింది. "అయినా మా మామకు ఇంత బొజ్జ యాడుండె? ఈ బొజ్జతో అంత పైకెగిరినావంటే నువ్వే గట్టోడివిరా" అని, చీర కొంగుతో ఆయన మొహం తుడిచింది.

కాలేజీ ప్రదర్శనలో మా పటం ముందే జనం ఎక్కువ. గుర్రాల సందు పక్కన ఏం రాయాలో నాయనే నిలబడి చెప్పి రాయించినాడు, మామ ముత్తాతలిద్దరి పేర్లూ సరిగా ఉన్నాయో లేదో చూసి ఊరి పెద్ద మాదిరి తల ఊపినాడు. అంగడి బోర్డు మీద గుర్రం బొమ్మకు కింద రెండు మనిషి కాళ్లు కొత్తగా వచ్చాయి. ఆ తరవాత ఎమ్మే దాకా నా చదువుకు మా ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు సరికదా, సెలవులకు వస్తే నాయన నాకంటే ముందు చెప్పులు వేసుకుని, "ఏ ఈదికి పోదాం మే?" అనేవాడు.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై చాలా కాలమైనా నాకా అలవాటు పోలేదు. మొన్న చిత్తూరులో ఒక పాత వీధిలో ఆగి, "ఈ పేరు ఎట్లొచ్చిందమ్మా?" అని అడిగితే, నేను రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలకు వచ్చిన దాన్ననుకుని ఒకామె మురుగుకాలువ గురించి చాలాసేపు పోట్లాడింది. నిలబడి అంతా విన్నాను. కాలువ అయిపోయాక వాళ్లత్తగారి కథ వచ్చింది, అత్తగారి తరవాత వీధి పేరు కథ వచ్చింది, ఆ తరవాత కాఫీ కూడా వచ్చింది. మావారు ఇలాంటప్పుడు నేనెవరో తెలియనట్టు వీధి చివర నిలబడతారు. ఇంటికి వచ్చి, వాచిన పాదాలు ఉప్పు వేసిన వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంటే, జేజి మాటతో తన చదువు ఆ పూటతో సరి అని బెంగపెట్టుకున్న ఆనాటి నామీద, ఆ రెండు జడల పిల్లమీద జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఈ చదువు ఎక్కడా ఆగేది కాదు, ఈ వయసులో కూడా నిన్ను వీధుల వెంట తిప్పి తిప్పి కాళ్లు వాపించి గాని ఇంటికి పంపదు అని అప్పుడే ఎవరైనా దాని చెవిన వేసి ఉంటే, పాపం, మంచి చెప్పులైనా కొనుక్కుని ఉండేది.